తిరుపతిలో ఉండి గొంతుతో బతకడం

2014లో నేను వాయిస్ ఓవర్‌ను, అంటే ప్రకటనలకూ వీడియోలకూ పుస్తకాలకూ గొంతు ఇవ్వడాన్ని, వృత్తిగా ఎంచుకున్నప్పుడు గొంతు గురించి దిగులుపడలేదు. నన్ను ఇబ్బంది పెట్టింది చప్పుడు. మేముండేది తిరుపతిలో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న ఒక వీధిలో. తెల్లవారకముందే గుడి మైకులో సుప్రభాతం మొదలవుతుంది, పగలంతా ఆటోలూ బస్సులూ తిరుగుతాయి, పొద్దుగూకితే నాలుగిళ్ల నుంచి కుక్కర్ కూతలు వినిపిస్తాయి. అందుకని రాత్రి 11 గంటల నుంచి 3 గంటల వరకు రికార్డు చేయడం అలవాటు చేసుకున్నాను. ఇప్పటికీ నా పనివేళలు అవే.

స్టూడియో కట్టుకునే స్తోమత అప్పట్లో లేదు. పాత సామాన్లు పెట్టుకునే చిన్న గదిని ఖాళీ చేసి, గోడలకు అమ్మ కుట్టిన బొంతలు వేలాడదీసి, తలుపు వెనక ఒక దూది పరుపు నిలబెట్టాను. గదిలో గొంతు గోడలకు తగిలి తిరిగి వస్తే వినేవారికి అది బావిలోంచి మాట్లాడినట్టుంటుంది, ఆ ప్రతిధ్వనిని రికార్డు చేసిన తరువాత శుభ్రంగా తొలగించడం చాలా కష్టం. కాబట్టి మొదటి పెట్టుబడి ఖరీదైన మైకు మీద కాకుండా గది మీద పెట్టాలని ఇప్పుడు నన్ను అడిగేవారందరికీ చెబుతున్నాను. నేను ఆ క్రమాన్ని తప్పాను. ముందుగా కండెన్సర్ మైకు కొన్నాను, అది నా గొంతుతోపాటు వీధి చివర కుక్క అరుపును కూడా అంతే శ్రద్ధగా పట్టుకునేది. తరువాత దగ్గరగా పెట్టుకుని మాట్లాడే డైనమిక్ మైకుకు మారి, గది కుదిరిన కొన్నేళ్లకు మళ్లీ కండెన్సర్‌కు వచ్చాను. ఆడియో పుస్తకాలకు అంతర్జాతీయంగా అడిగే ప్రమాణం ప్రకారం రికార్డులో మాట లేని చోట వినబడే గది రొద మైనస్ 60 డెసిబెల్స్‌కు మించకూడదు. మే నెలలో తిరుపతిలో ఫ్యాను ఆపి, తలుపు బిగించి ఆ నిశ్శబ్దాన్ని సాధించడం ఎంత కష్టమో ఇక్కడివారికి వివరించనక్కరలేదు. ఇరవై నిమిషాలు చదివి, బయటికి వచ్చి చెమట తుడుచుకుని, నీళ్లు తాగి మళ్లీ లోపలికి వెళతాను. అదే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. ఆ వారం రాత్రింబగళ్లు డప్పుల మోత ఉంటుంది కనుక ఏ పనీ ఒప్పుకోనని క్లయింట్లకు ముందే రాస్తాను. మొదట్లో ఈ మాట చెప్పడానికి సంకోచించేదాన్ని. ఇప్పుడు వాళ్లే జాతర తేదీలు అడిగి తమ పనిని ఒక వారం ముందుకు జరుపుకుంటున్నారు.

ఇక చదవడం గురించి. బడిలో ప్రార్థన చదివినప్పటి నుంచీ నా గొంతు బాగుందని అందరూ అంటూనే వచ్చారు. ఆ ప్రశంస వల్ల నాకు చదవడం కూడా వచ్చునని ఎన్నో ఏళ్లు భ్రమపడ్డాను. ఆకాశవాణిలో క్యాజువల్ (తాత్కాలిక) అనౌన్సర్ పనికి స్వర పరీక్షకు సిద్ధమైనప్పుడు ఒక పెద్దాయన నా చేత దినపత్రిక చదివించి, ప్రతి వాక్యంలోనూ క్రియ వినబడడం లేదని చెప్పారు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఊపిరి కూడా అక్కడికే అయిపోతుంది. అలవాటు లేనివారు వాక్యం మొదట్లో గట్టిగా ఎత్తుకుని, చివరికి వచ్చేసరికి గొంతు దించేస్తారు. అయితే వాక్యానికి అర్థం నిలిచేది ఆ చివరనే. 'ఈ మందును గర్భిణులు వాడవచ్చు' అనే వాక్యానికీ 'వాడరాదు' అనే వాక్యానికీ తేడా అంతా ఆఖరి రెండు అక్షరాల్లో ఉంది. ఆరోగ్యానికి సంబంధించిన స్క్రిప్టు చేతికి వచ్చిన ప్రతిసారీ నేను ముందుగా చేసేది క్రియల కింద గీతలు గీసుకోవడం, ఆ తరువాత ఊపిరి తీసుకునే చోట్లు గుర్తు పెట్టుకోవడం. పొడవైన వాక్యాన్ని అర్థం చెడకుండా ఎక్కడ విడగొట్టాలో తెలియాలంటే ఆ వాక్యం పూర్తిగా అర్థం కావాలి, అర్థం కాకపోతే రాసినవారిని అడగాలి. అడిగినందుకు నన్ను చిన్నచూపు చూసినవారు ఇంతవరకు లేరు.

ఉచ్చారణ విషయంలో మా ప్రాంతం నాకు కొంత ఇచ్చింది, కొంత అడ్డుపడింది. పుత్తూరు, నగరి వైపు ఇళ్లలో తమిళం కలిసి నడుస్తుంది. మా ఇంట్లో 'ళ', 'ణ' స్పష్టంగా పలికేవాళ్లం, ఒత్తక్షరాలు మాత్రం తేలిపోయేవి. 'భయం' అన్నది 'బయం' అయ్యేది. ఇంతకంటె సూక్ష్మమైనది 'చ', 'జ'ల సంగతి. 'చదువు'లో ఉన్న చకారం వేరు, 'చరిత్ర'లో ఉన్న చకారం వేరు. మొదటిది దంతాల దగ్గర పలుకుతుంది, రెండవది అంగిలి దగ్గర. వెనకటి వాచకాల్లో దంత్యాలకు ప్రత్యేకమైన గుర్తు వేసేవారు. ఇప్పుడు రాతలో ఆ తేడా లేదు కాబట్టి చదివేవారి నాలుకే దాన్ని గుర్తుంచుకోవాలి. 'జడ'లోని జకారాన్ని 'జలం'లోకి తెచ్చిన గొంతు ఎంత మధురంగా ఉన్నా నేను వినలేను.

మొదటి మూడేళ్లు నా మాటలో చిత్తూరు యాస ఎక్కడా కనబడకుండా జాగ్రత్తపడ్డాను. ఆ తరువాత కుప్పం వైపు పల్లెల్లో తల్లులకు వినిపించడానికి పోషకాహారం గురించి ఒక ఆడియో చేశాను. పుస్తక భాషలో చదివిన మొదటి రికార్డు విని అక్కడి ఆడవాళ్లు 'ఎవురో టీవీలో మాట్లాడినట్టుండాదిమ్మా' అన్నారట. రెండవసారి 'బిడ్డకి ఆర్నెల్లు నిండినాంక ఏం పెడతాండావు?' అని మా అవ్వ మాట్లాడినట్టే చదివాను, దాన్నే వాడుకున్నారు. నా యాస కూడా నా పనిముట్లలో ఒకటని నాకు అప్పుడే తెలిసింది; దాన్ని ఎప్పుడు బయటికి తీయాలో తెలుసుకోవడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

సినిమా డబ్బింగ్ కోసం తొలి రోజుల్లో సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చాలాసార్లు చెన్నై వెళ్లాను. పెదవుల కదలికకు మాట కుదర్చడం ఒక ప్రత్యేకమైన విద్య. అది నాకు పట్టుబడలేదు, ఆ దారి వదిలేశాను.

ఇప్పుడు డబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దీని గురించి బాహాటంగా మాట్లాడరు, మాట్లాడకపోవడం వల్ల కొత్తగా వచ్చేవారు నష్టపోతున్నారు. నా మొదటి సంపాదన 300 రూపాయలు. ఒక బట్టల దుకాణం ఆటోకు మైకు కట్టి తిప్పడానికి చేసిన ప్రకటన అది. బయటి రాష్ట్రాల కంపెనీల నుంచి పాఠ్య వీడియోల పని రావడం మొదలయ్యాక, మాటకు ఇంత అని ధర కట్టే పద్ధతి ఎదురైంది. ఇంగ్లీషు లెక్కను తెలుగుకు అలాగే వర్తింపజేస్తే తెలుగు చదివేవారికి అన్యాయం జరుగుతుంది. మన భాషలో విభక్తులూ క్రియా రూపాలూ మాటలోనే కలిసిపోతాయి. ఇంగ్లీషులో నాలుగైదు మాటలయ్యేది 'వెళ్లలేకపోయాను' అనే ఒక్క మాటలో ఇమిడిపోతుంది. ఒకసారి నాకు వచ్చిన స్క్రిప్టు ఇంగ్లీషు మూలంలో 1,200 మాటలుంటే తెలుగులో 850 మాటలే ఉన్నాయి. మూలం వ్యాఖ్యానం 8 నిమిషాలు నడిచింది, నాది తొమ్మిదిన్నర నిమిషాలు. ఎక్కువసేపు చదివి తక్కువ డబ్బు తీసుకున్నానన్నమాట. అప్పటి నుంచి పూర్తయిన ఆడియోకు నిమిషం లెక్కనే ధర చెబుతున్నాను. ఈ కారణాన్ని ఆ 850 మాటల ఉదాహరణతో సహా వివరిస్తే చాలామంది ఒప్పుకుంటారు.

అంతకంటె పెద్ద పాఠం 2018లో నేర్చుకున్నాను. ఒక వ్యాపార సంస్థ తమ కార్యాలయానికి ఫోను చేసినవారికి వినిపించడానికి నా చేత కొన్ని వాక్యాలు చదివించుకుంది. ఆరు నెలల తరువాత అవే వాక్యాలు ముక్కలు ముక్కలుగా అతికించి రేడియో ప్రకటనగా వస్తున్నాయని మా పిన్ని ఫోను చేసి సంతోషంగా చెప్పింది. సంస్థను అడిగితే డబ్బు ఇచ్చాం కదా అన్నారు. ఒప్పందం అంతా ఫోనులో నోటిమాటగా జరిగింది కాబట్టి చూపించడానికి నా దగ్గర కాగితం లేదు. నేను గొంతును అమ్మానని వాళ్లు అనుకున్నారు. ఒక పనికి, ఒక చోట వాడుకోవడానికి ఇచ్చానని నేను అనుకున్నాను.

ఆ తరువాత చిన్న పనికైనా ఒక పేజీ రాసుకుంటున్నాను. ఎక్కడ వినిపిస్తారు, ఎంతకాలం వినిపిస్తారు, స్క్రిప్టు వాళ్లు మారిస్తే మళ్లీ చదవడానికి ఎంత, నా తప్పు ఉంటే ఉచితంగా ఎన్నిసార్లు సరిదిద్దుతాను, సగం డబ్బు ముందుగా ఎప్పుడు వస్తుంది అన్నవి అందులో ఉంటాయి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులోని 38వ సెక్షన్ ప్రదర్శకులకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఇస్తుంది. 2012 సవరణ తరువాత, ప్రదర్శనను వక్రీకరించి పరువుకు భంగం కలిగిస్తే అడ్డుకునే హక్కు కూడా చేరింది. అయితే ఒప్పందంలో మనమే సంతకం చేసి ఇచ్చేసిన దాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం, అందుకే సంతకానికి ముందే చదవాలి.

ఇప్పుడు ఆ కాగితంలో మరొక వాక్యం చేర్చక తప్పడం లేదు. కొన్ని నిమిషాల రికార్డు ఉంటే ఒక మనిషి గొంతును ఏఐ అనుకరించగలుగుతోంది. గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అలా అనుకరించే సాధనాల విషయంలో బొంబాయి హైకోర్టు 2024 జూలైలో ఆయనకు మధ్యంతర రక్షణ కల్పించింది. అంత పేరున్నవారు కోర్టుకు వెళ్లగలరు. తిరుపతిలో బొంతల గదిలో కూర్చుని చదివే నాలాంటివారికి ముందుగా రాసుకున్న ఒక వాక్యమే ఆధారం. 'ఈ రికార్డును యంత్రానికి శిక్షణ ఇవ్వడానికిగాని, నా గొంతును పోలిన కృత్రిమ గొంతు తయారుచేయడానికిగాని నా లిఖితపూర్వక అనుమతి లేకుండా వాడరాదు' అని రాస్తున్నాను. నేను చదవని మాటలు, 'వాడరాదు' అన్న చోట 'వాడవచ్చు' అన్న మాటలు, నా గొంతుతో ఎవరి చెవిలోనో పడతాయన్న ఆలోచనే నాకు నిద్ర పట్టనివ్వదు.

పోయిన నెలలో ఒక సంస్థ 40 పాఠాల పని పంపుతూ, 'ఏ రూపంలోనైనా, ఎల్లకాలానికీ' వాడుకునే హక్కు తమదేనని ఒప్పందంలో రాసింది. నేను ఆ మాటలు కొట్టివేసి, పాఠాల వరకే, మూడేళ్లకే అని రాసి, నా వాక్యాన్ని కింద చేర్చి తిప్పి పంపాను. పది రోజులు జవాబు రాలేదు. పని పోయిందనే అనుకున్నాను. నిన్న సాయంత్రం సంతకంతో కాగితం తిరిగి వచ్చింది, మూడేళ్ల చోట నాలుగేళ్లని మార్చారు, నా వాక్యాన్ని మాత్రం అలాగే ఉంచారు. సోమవారం రాత్రి మొదటి పాఠం చదవాలి. క్రియల కింద గీతలు గీయడం ఇంకా సగంలోనే ఉంది.