గొలుసు వడ్డీ కట్టిన శనివారం

పొద్దున్న పదింటికి అమ్మా నేనూ బ్యాంకుకి వెళ్ళాం. అమ్మ గొలుసు మీద తెచ్చిన లోనుకి మళ్ళీ ఏడాది నిండింది. రెన్యువల్ చెయ్యాలంటే లోను ఎవరి పేరున ఉందో వాళ్ళే వచ్చి సంతకం పెట్టాలి. ఇలా రావడం ఇది రెండోసారి. అమ్మ ఇస్త్రీ చీర తీసి కట్టుకుంది. బ్యాంకుకి ఇంత తయారెందుకమ్మా అని అడిగితే, "దాన్ని సూడ్డానికెల్తన్నాం కదే" అంది.

బంగారం చూసే ఆయన లోపల్నుంచి గుడ్డ సంచి తెచ్చి, సీలు కత్తిరించి, గొలుసు తీసి చిన్న కాటా మీద పెట్టారు. 25 గ్రాముల 120 మిల్లీగ్రాములు. కిందటేడూ అంతే. ఆయన రిజిస్టర్లో రాసుకుంటూ ఉంటే అమ్మ మెల్లగా వేలు చాచి కొక్కెం దగ్గర ముట్టుకుంది. ఒకసారి అక్కడ తెగితే నాన్న మాటు వేయించారు. ఆ చోటు మిగతా గొలుసు కంటే కొంచెం ఎర్రగా ఉంటుంది. ఆయన అది చూశారు. తొందరపెట్టలేదు. అమ్మ చెయ్యి తీశాకే గొలుసు కొత్త సంచిలో వేసి సీలు వేశారు. వడ్డీ 8,190 రూపాయలు కట్టాం. అసలు 90,000 అలాగే ఉంది.

బయటికొచ్చి శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర టీ తాగుతుంటే అమ్మ అడిగింది. "ఏడాదికి ఎనిమిదేలు వడ్డీకే పోతే గొలుసు ఎప్పుడొస్తాదే?" నేను గ్లాసు చూస్తూ ఉండిపోయాను. నా బుర్రలో ఇంకో అంకె తిరుగుతోంది. ఏజెంటు గారు మొన్న నా పేరున 5 లక్షల ఆరోగ్య బీమాకి ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద రాసిచ్చారు. 7,140 రూపాయలు. అమ్మ గొలుసు మీద ఒక్క ఏడాది వడ్డీ కంటే తక్కువ.

2023 నవంబరులో తమ్ముడికి డెంగీ వచ్చింది. వాడికప్పుడు 22 ఏళ్ళు, డిప్లొమా పూర్తి చేసి పని వెతుక్కుంటున్నాడు. అంతకుముందు వాడు మంచాన పడ్డది ఎప్పుడో నాకు గుర్తు కూడా లేదు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని రాత్రి పదకొండింటికి దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళాం. మా దగ్గర ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. ఆ ఆసుపత్రి ఆరోగ్యశ్రీ జాబితాలో లేదు. ఆ సంగతి తెల్లారాక తెలిసింది, అప్పటికే వాడు ఐసీయూలో ఉన్నాడు. సెలైను పెట్టిన పిల్లాణ్ణి తీసి ఇంకో చోటికి తీసుకెళ్దామని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఆరో రోజు చేతికొచ్చిన బిల్లు 1,38,000. నాన్న చేబదులు తెచ్చారు. తర్వాత గొలుసు పెట్టి ఆ చేబదులు తీర్చాం. వాడు బాగుపడ్డాడు, అదే మాకు కావలసింది. కానీ ఆ వారం నాన్న కుట్టుమిషను ముందు కూర్చుని, గుడ్డ కూడా పెట్టకుండా, కాలితో ఊరికే తొక్కుతూ ఉండడం నేను చూశాను. అది నేనెప్పటికీ మర్చిపోలేను.

మధ్యాహ్నం నాన్న దుకాణానికి ఏజెంటు గారు ఫారం పట్టుకొచ్చారు. ఆయన మాకు తెలిసినాయనే, షర్టులు నాన్న దగ్గరే కుట్టించుకుంటారు. నాన్న కత్తెర పక్కన పెట్టి నా వంక చూశారు. "జబ్బు రాకముందే జబ్బుకి డబ్బు కట్టడమేటమ్మా, కోరి పిలిచినట్టు? పోనీ ఎల్‌ఐసీ అయితే చివర్లో చేతికొస్తాది. ఇది ఏటీ రాదు కదా."

నాన్న అన్నదాంట్లో అబద్ధం లేదు. జబ్బు రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. వయసు పెరిగేకొద్దీ ప్రీమియమూ పెరుగుతుంది. నాకు 27. ఏ జబ్బూ లేకుండా పదేళ్ళు గడిస్తే డెబ్భై ఎనభై వేలు చేతిలోంచి వెళ్ళిపోతాయి, మా ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఆ డబ్బు ఆర్డీలో వేసుకోవచ్చు కదా అని నేనూ లెక్కేశాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఏడాదికి ఏడేలు చొప్పున వేసి ఉంటే ఇప్పటికి ఇరవై వేల పైచిలుకు ఉండేది. తమ్ముడి బిల్లు లక్షా ముప్పై ఎనిమిది వేలు. మనం కూడబెట్టేదాకా జబ్బు ఆగదు. నాన్నకి అదే చెప్పాను. "నాన్నా, ఇది నా కోసం కాదు. నాకేదైనా అయితే మీరు మళ్ళీ అమ్మ మెడ వైపు చూడకూడదు." నాన్న ఇంకేం మాట్లాడలేదు. కాసేపటికి "జీఎస్టీ ఎంతండీ?" అని ఏజెంటు గారిని అడిగారు. ఇదివరకు 18 శాతం ఉండేదట, 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా మీద తీసేశారు. నాన్న "అయితే పోనీ" అన్నారు.

అలాగని చిన్నవాళ్ళంతా పరిగెత్తుకెళ్ళి కొనేయాలని నేను అనను. మా తమ్ముడు ఇప్పుడు పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీలో చేస్తున్నాడు. మొన్నటిదాకా జీతం 19,500, ఈఎస్ఐ ఉంది, అంటే ఉద్యోగులకి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. జీతంలో 0.75 శాతం వాడిది, 3.25 శాతం కంపెనీది. వాడికి పడే కోత నెలకి 147 రూపాయలు. అంత తక్కువకి, ఇంత గరిష్ఠ పరిమితి అని గీత గీయకుండా వైద్యం ఇచ్చే ప్రైవేటు పాలసీ నాకెక్కడా కనిపించలేదు. ఈఎస్ఐ ఉన్న కుర్రాడు ముందు దాన్ని వాడుకోవడం నేర్చుకోవాలి. వాళ్ళ హాస్టల్లో సగం మందికి తమ ఈఎస్ఐ నంబరే తెలీదు, జబ్బు చేస్తే జేబులోంచి కడతారు. నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇప్పుడు వాడి జీతం నవంబరు నుంచి 22,000 అయింది. 21,000 దాటితే ఈఎస్ఐ ఉండదు. సాయంత్రం ఫోన్లో వాడికి లెక్క చెప్పాను. మధ్యలో దాటినా అక్టోబరు నుంచి మార్చి దాకా కోత పడుతూనే ఉంటుంది, ఆ ఆరు నెలలకి వైద్యం వచ్చే జూలై నుంచి డిసెంబరు దాకా దొరుకుతుంది. "అయితే ఏడాది టైముంది కదక్కా, అప్పుడు చూద్దాం" అన్నాడు. అదే వద్దన్నాను. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు ప్రమాదాలకి తప్ప దేనికీ ఇవ్వరు. హెర్నియా లాంటి కొన్నింటికి మామూలుగా రెండేళ్ళు ఆగాలి. అప్పటికే ఉన్న జబ్బులకైతే మూడేళ్ళ దాకా ఆపొచ్చు. 2024కి ముందు అది నాలుగేళ్ళు ఉండేది. ఆ గడువులన్నీ ఈఎస్ఐ నడుస్తుండగానే కొంత అయిపోతే మంచిది కదా. ఆలోచిస్తానన్నాడు. వాడు ఆలోచిస్తానంటే చేస్తాడు.

ఇక ఆరోగ్యశ్రీ సంగతి. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. 2007లో మొదలైన దగ్గర్నుంచీ మా చుట్టుపక్కల దాని వల్ల బతికిన వాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టలేను. ఇప్పుడు 25 లక్షల దాకా ఉంది. కానీ కుటుంబం ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. నాన్నది, నాది, తమ్ముడిది కలిపితే మేము ఆ గీత దాటేస్తున్నాం. బిడ్డలు ఎదిగొచ్చారని సంతోషించే ఏడాదే కార్డూ పోతుంది, ఈఎస్ఐ కూడా పోతుంది. మాలాంటి ఇళ్ళకి ప్రైవేటు బీమా అక్కరపడేది సరిగ్గా ఇక్కడే అని నాకనిపిస్తోంది. బొత్తిగా లేనివాళ్ళకి ప్రభుత్వం ఉంది, బాగా ఉన్నవాళ్ళకి డబ్బు ఉంది. ఇప్పుడిప్పుడే ఒక మెట్టెక్కిన వాళ్ళ కాలి కింద ఏమీ లేదు.

పాలసీ ఏదైనా ఒకటే అనుకోకూడదని మా ఆఫీసులో అక్కని చూశాక తెలిసింది. ఆవిడకి 3 లక్షల పాలసీ. రూము అద్దె రోజుకి ఒక శాతం, అంటే 3,000 దాకానే. ఆపరేషనప్పుడు ఖాళీ లేదని 6,000 రూములో చేర్చారు. పైన పడ్డ మూడు వేలే కదా మన చేతిది అనుకుంది. అలా కాదట. రూము అద్దె రెట్టింపు అయితే డాక్టరు ఫీజు, థియేటరు, నర్సింగు అన్నీ ఆ లెక్కనే సగానికి కోస్తారు. మందులకి మాత్రం ఆ కోత పెట్టలేదు. గ్లౌజుల్లాంటి వాటి డబ్బు అసలు ఇవ్వలేదు. అందుకే నేను ఏజెంటు గారిని మొదట అడిగింది ప్రీమియం కాదు, "రూము అద్దెకి పరిమితి ఉందా?" అని. లేనిదే తీసుకుంటున్నాను. దానికోసం ఏడాదికి తొమ్మిది వందలు ఎక్కువ పడింది. పన్ను మినహాయింపు గురించి కూడా చెప్పబోయారు, నా జీతానికి పన్నే లేదని ఆపేశాను.

ఫారంలో ఆరోగ్యం ప్రశ్నలు రెండు పేజీలున్నాయి. షుగరు, బీపీ, గుండె, థైరాయిడ్, అన్నింటికీ "లేదు" అని టిక్ పెట్టుకుంటూ పోయాను. మూత్రపిండాల ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది.

అమ్మ పుట్టిల్లు కవిటి దగ్గర. నేను ఐదో తరగతి దాకా అమ్మమ్మ దగ్గరే పెరిగాను, ఆ నీళ్ళే తాగాను. ఆ చుట్టుపక్కల ఊళ్ళని ఉద్దానం అంటారు, అక్కడ మూత్రపిండాల జబ్బు ఎక్కువ. క్రియాటినిన్ అంటే మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె. ఉద్దానంలో ఆ మాట తెలియని ఇల్లు లేదు, చదువు రాని ముసలమ్మలు కూడా అంకె చెప్పేస్తారు. మా మావయ్యకి 38వ ఏట ఆ జబ్బు బయటపడింది. కాళ్ళ వాపు లేదు, నొప్పి లేదు, ఆ రోజు కూడా కొబ్బరి తోటలో పని చేసొచ్చాడు. ఊళ్ళో రక్తపరీక్షలు చేస్తుంటే అందరితో పాటు ఇచ్చాడంతే. నీళ్ళని, ఎండని, పురుగుమందులని ఎన్నేళ్ళుగా ఎందరో పరిశోధించారు, ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచాక మావయ్యకి విశాఖ తిరుగుడు తప్పింది. దానికి మేమంతా రుణపడి ఉంటాం. కానీ మావయ్యకి ఇప్పుడు ఏ ప్రైవేటు కంపెనీ పాలసీ ఇస్తుంది?

"నేనూ ఒకసారి టెస్టు చేయించుకుని రాస్తానండీ" అన్నాను. ఏజెంటు గారు మంచి మనసుతోనే చెప్పారు, "ఎందుకమ్మా, తేలితే రాయాల్సొస్తుంది. తెలీనప్పుడు లేదని రాయడం తప్పు కాదు. ముందు కట్టేయ్."

రూలు ప్రకారం ఆయన మాట నిజమే. ఆపకుండా ఐదేళ్ళు కడితే, మోసమని రుజువు చేస్తే తప్ప, ముందు చెప్పలేదన్న కారణంతో క్లెయిము కొట్టెయ్యడానికి కూడా వీల్లేదు. అయినా నాకు ఒప్పలేదు. టెస్టుకి వెళ్తే ఏం తేలుతుందోనని వెళ్ళనివాళ్ళు ఆ ఊళ్ళలో ఎందరో. మావయ్య పక్కింటాయన అలాగే వెళ్ళలేదు. తెలిసేసరికి డయాలసిస్ దాకా వచ్చేసింది. బీమా కోసం నా ఒంటి సంగతి నేను తెలుసుకోకుండా ఉండడమేమిటి?

ఆరింటికి దుకాణం నుంచి ఇంటికొచ్చి, అమ్మని కూడా లేవదీసుకుని డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ల్యాబుకి వెళ్ళాను. "నాకెందుకే, నాకేటయింది" అంటూనే వచ్చింది. సూది గుచ్చుతుంటే మొహం పక్కకి తిప్పి, ఖాళీ మెడ తడుముకుంది. రెండేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

తొమ్మిదింపావుకి ఫోన్లో రిపోర్టులు వచ్చాయి. నాది 0.7. అమ్మది 1.3. ఆ ల్యాబు కాగితం మీద ఆడవాళ్ళకి 1.1 దాకా మామూలని ఉంది. ఒక్క పరీక్షతో జబ్బని కాదు, నీళ్ళు సరిగ్గా తాగకపోయినా కొంచెం పెరగొచ్చు, మళ్ళీ చేయించాలి. ఇవన్నీ నాకు తెలుసు. సోమవారం సెలవు పెట్టి రిమ్స్‌కి తీసుకెళ్తాను.

ఫారంలో నా గడిలో "లేదు" అని టిక్ పెట్టి సంతకం చేశాను. నామినీ దగ్గర అమ్మ పేరు రాశాను. అమ్మ లోపల రేపటికి ఇడ్లీ పిండి రుబ్బుతోంది. ఇంకా చెప్పలేదు.