నవంబర్ మంచు సంగతి స్కీల అడుగునే అడగాలి

నవంబర్ వచ్చిందంటే చాలు, వాంకూవర్ నుంచీ సర్రే నుంచీ తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు, అందరూ ఒకటే మెసేజ్, "విస్లర్‌లో మంచు పడిందంట కదా తమ్ముడూ, ఈ శనివారం వచ్చేయమంటావా" అని. ఎవరో పెట్టిన ఫొటోలో శిఖరం తెల్లగా కనపడుతుంది, ఇంకేం కావాలి. విస్లర్ అంటే కెనడాలో వాంకూవర్‌కి ఉత్తరాన ఉన్న స్కీ కొండల ఊరు. నేనిక్కడ స్కీలు (కాళ్లకి బిగించుకుని మంచు మీద జారే పొడుగాటి పలకలు) అద్దెకిచ్చే రెంటల్ షాపులో పని చేస్తా, పొద్దున కౌంటర్ దగ్గర, సాయంత్రం వెనక స్కీలు బాగుచేసే ట్యూనింగ్ రూమ్‌లో, అందుకని నన్నడిగితే కరెక్టుగా చెప్తాడని వాళ్ల నమ్మకం. నేను మాత్రం తిరిగి ఒకటే అడుగుతా, "ఎంత ఎత్తులో మంచు అన్నా?"

ఎందుకంటే ఊరు ఉన్నది 675 మీటర్ల దగ్గర, విస్లర్ శిఖరం 2,182. మధ్యలో కిలోమీటరున్నర తేడా. కిలోమీటర్ పైకెళ్తే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి కింద గొడుగేసుకుని బస్సు కోసం నిలబడ్డ రోజే పైన మైనస్ ఐదు ఉండొచ్చు. ఇక్కడ పనిచేసేవాళ్లు పొద్దున లేవగానే ఫోన్‌లో ముందు చూసేది ఎంత పడిందని కాదు, ఫ్రీజింగ్ లెవెల్ ఎంతని, అంటే సున్నా డిగ్రీలు ఏ ఎత్తులో ఉందని. అది 800 అని ఉంటే ఆ రోజు మొహాలు వెలిగిపోతాయి. పసిఫిక్ సముద్రం పక్కనే కదా, తేమకి కరువుండదు, చలికే కరువు. హవాయి వైపు నుంచి వెచ్చటి తడిగాలి వస్తే (పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అంటారు దాన్ని) ఆ లెవెల్ రాత్రికి రాత్రే 2,000 దాటేస్తుంది, అప్పటిదాకా పడిన మంచు మీద శిఖరం దాకా వానే, మర్నాడు చలి తిరిగొస్తే అదంతా గట్టి పెచ్చు.

ఇంక రోజూ మంచు రిపోర్టులో వచ్చే సెంటీమీటర్ల సంగతి. విస్లర్ కొండ మీద 1,650 మీటర్ల దగ్గర పిగ్ యాలీ అనే చోట కొలుస్తారు. ఆ అంకె అబద్ధమేం కాదు, కాకపోతే అది ఆ ఒక్క చోటి లెక్క, పైగా మంచు కింద ఏముందో చెప్పదు. గడ్డి ఉన్న రన్ (జారే దారి) మీదో, వేసవిలో జీపులు తిరిగే రోడ్డు మీదో 50, 60 సెంటీమీటర్లు పడి మిషన్‌తో తొక్కించారంటే హాయిగా జారొచ్చు. అదే 60 పైన బండరాళ్ల మధ్య పడిందనుకోండి, రాళ్లని కనపడకుండా కప్పి పెడుతుంది అంతే, అసలు కనపడే రాయే నయం.

ఏ రన్ మీద ఏముందో నాకు తెలిసేది సాయంత్రం, రెంటల్ స్కీలు వాపసు వచ్చాక. బోర్లా తిప్పి బెంచి మీద బిగిస్తే అడుగున నిలువునా గాట్లు. చిన్నవైతే పీ-టెక్స్ పుల్ల వెలిగించి కరిగిన ప్లాస్టిక్‌ని గాటులోకి చుక్కలు చుక్కలుగా పోయాలి, మంట అడుక్కి బాగా దగ్గరగా నీలంగా ఉండాలి, కాస్త ఎత్తితే మసి కలిసి నల్ల చుక్క పడుతుంది, అది పట్టదు, మళ్లీ గీకి మొదటికి రావాలి. చల్లారాక స్టీల్ స్క్రేపర్‌తో సాపు చేసి, అంచుల మీద రాయి తగిలి లేచిన ముళ్లు రుద్ది, చివర్న వ్యాక్స్. గాటు లోపల పీచు కనపడిందంటే కోర్ షాట్ అన్నమాట, దాని మీద పుల్ల కరిగించి పోసినా నిలవదు, ముక్క కోసి ప్యాచ్ వెయ్యాలి. నవంబర్లో ఇవి గుట్టలు, జనవరిలో అప్పుడొకటి ఇప్పుడొకటి. కొండకి మంచు సరిపోయిందా లేదా అన్నదానికి ఇంతకంటే మంచి రిపోర్టు నాకైతే తెలీదు.

అందుకే నా లెక్క జనం లెక్కకి రివర్స్. సీజన్ మొదట్లో పొడిపొడిగా దూదిలాంటి మంచు పడితే అందరూ గంతులేస్తారు, దాన్లోంచి స్కీ నేరుగా దిగి రాయికి తగులుతుంది. బరువుగా తడిగా సిమెంట్‌లా పడిందని తిట్టుకుంటారు చూడండి, అదీ కావాల్సింది, రాళ్లకి అతుక్కుని గడ్డకట్టి పునాది అవుతుంది, పొడి మంచు దాని మీద పడాలి.

మరి నీళ్లు చిమ్మి మంచు తయారుచేసే స్నో గన్లు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, కానీ వాటికి మామూలు టెంపరేచర్ కాదు, గాలిలో తేమ కూడా కలిపి చూసే వెట్ బల్బ్ సుమారు మైనస్ రెండుకైనా దిగాలి. గాలి పొడిగా ఉండే చోట సున్నా దగ్గరే మంచు తయారవుతుంది, ఇక్కడి చెమ్మగాలిలో అంతకంటే చలి కావాలి. ఆ చలి రాని వారం గన్లు అలా నిలబడి ఉంటాయి, మాకు షిఫ్టులూ అంతే. ముందే షెడ్యూల్ వేస్తారు, లిఫ్టులు కొన్నే తెరిచారని పొద్దున రమ్మని కాసేపటికే ఇంటికి పొమ్మంటారు. ఈ రాష్ట్రం, బ్రిటిష్ కొలంబియా, రూల్ ప్రకారం పనికొచ్చినవాడికి కనీసం రెండు గంటల జీతం ఇవ్వాలి, ఎనిమిది గంటలకి మించిన షిఫ్టు వేసుంటే నాలుగు గంటలది. ఈ సంగతి కొత్తగా వచ్చిన పిల్లలకి ఎవరూ చెప్పరు, నేను మొదటి రోజే చెప్పేస్తా. అద్దె మాత్రం మంచుతో సంబంధం లేకుండా ఒకటో తారీకుకి కట్టాల్సిందేగా.

ఇంత చెప్పినా వచ్చేవాళ్లు వస్తారు. పోయినసారి ఒక కుటుంబం వచ్చింది, ఆయన నేను తెలుగని తెలియగానే "ఏం బాబూ, పైనుంచి ఇక్కడిదాకా జారుకుంటూ వచ్చెయ్యొచ్చుగా?" అన్నారు.

"లేదండీ, కింద సగం ఇంకా తెరవలేదు. దిగేటప్పుడు గొండోలాలోనే, అదే ఆ తీగల మీద వేలాడే డబ్బాల్లోనే రావాలి, మూసే టైముకి పెద్ద లైన్ ఉంటుంది, అరగంట ముందే బయల్దేరండి."

ఫారంలో ఆయన టైప్ త్రీ అని టిక్కు పెట్టారు, అంటే ఫాస్ట్‌గా, తెగించి వెళ్లేవాడని. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బిగించాలో బరువు, ఎత్తు, వయసు, బూటు సోల్ పొడవు, ఈ టైపు చూసి పెడతాం, టైపు పెంచితే పడ్డప్పుడు బూటు తేలిగ్గా ఊడదు, మోకాలికి వస్తుంది. బరువు దగ్గర మాత్రం ఎవరూ నిజం రాయరనుకోండి. "ఎన్నిసార్లు చేశారండీ?" అంటే వాళ్లావిడ నవ్వి, "ఇదే మొదలు, వన్ అని రాయి నాయనా" అన్నారు. మెల్లగా, జాగ్రత్తగా వెళ్లేవాళ్ల టైపు అది, వన్నే పెట్టాను. తాడు కట్టిన చోటికి వెళ్లొద్దని, వెదురు కర్రలు అడ్డంగా గుచ్చి ఉంటే దాని కింద రాయి ఉన్నట్టేనని చెప్పి పంపాను.

మెసేజ్ పెట్టేవాళ్లకి నేనిచ్చే జవాబు ఇదీ: తొందర లేకపోతే డిసెంబర్ మూడో వారం దాకా ఆగండి, అప్పుడు కూడా ఫ్రీజింగ్ లెవెల్ చూసుకునే బయల్దేరండి. సొంత స్కీలు కొత్తవైతే ఇంట్లో పెట్టి మా దగ్గర అద్దెకి తీసుకోండి, గాట్లు మావాటికే పడనివ్వండి. వాంకూవర్ నుంచి ఇక్కడికొచ్చే దారిలో వింటర్ టైర్లు అక్టోబర్ 1 నుంచే తప్పనిసరి, ఊళ్లో వానే కదా అని మామూలు టైర్లతో రాకండి.