ఫోమ్ విమానంతో ఎండిన చెరువు దాకా

ఆటోపైలట్ (విమానాన్ని దానంతట అదే నడిపించే బోర్డు) అమర్చిన ఫోమ్ నమూనా విమానానికి చిన్న మైదానం చాలదు. ఆ బోర్డును నడిపే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్‌లో మనం ఏమీ మార్చకపోతే, ఒకచోట చక్కర్లు కొట్టమన్నప్పుడు విమానం 60 మీటర్ల వ్యాసార్థంతో తిరుగుతుంది. అంటే గాలి నెట్టకపోయినా 120 మీటర్ల వెడల్పు కావాలి, ఆ చుట్టుపక్కల మనుషులు, రోడ్లు, కరెంటు తీగలు ఉండకూడదు. అందుకే నీళ్లు ఎండిపోయిన ఒక పెద్ద చెరువులో ఎగరేయడానికి అనుమతి తీసుకుని, మిత్రుడితో కలిసి కారులో బయలుదేరాను. ఎన్నాళ్లుగానో బల్ల మీదే ఉన్న విమానం మొదటిసారి గాలిలోకి లేవబోతోందన్న ఆత్రుత దారి పొడవునా నన్ను వదల్లేదు.

విమానాన్ని ప్రయాణానికి సిద్ధం చేయడం కూడా దాని తయారీలో భాగమే. రెక్కలు రెండూ ఒక కార్బన్ గొట్టం మీదికి ఎక్కుతాయి కాబట్టి వాటిని ఊడదీసి, తోకను వేరు చేసి, సర్వోల (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్ల) తీగలన్నిటికీ పేర్లు రాసి అంటించాను. ఎండలో ఆపిన కారులోని వేడికి గ్లూ గన్ జిగురు మెత్తబడుతుంది కనుక, మోటారు మౌంటును ముందుగానే ఎపాక్సీతో అతికించి ఉంచాను. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలను నిండుగా చార్జి చేసి మోసుకెళ్లడం మంచిది కాదు. సెల్లుకు 4.2 వోల్టులు నిండు చార్జి అయితే, 3.8 దగ్గర ఉంచి, మంటను ఆపే సంచిలో పెట్టి, వెనక డిక్కీలో కాకుండా కాళ్ల దగ్గర పెట్టుకున్నాము.

బసకు చేరి పెట్టె విప్పితే కుడి రెక్క ముందు అంచున బొటనవేలంత సొట్ట కనబడింది. ఈ విమానం చేసిన ఈపీవో రకం ఫోమ్‌లో నాకు బాగా నచ్చే గుణం ఇక్కడే ఉంది. సలసల కాగిన నీళ్లను సన్నని ధారగా ఆ సొట్ట మీద పోస్తే, నొక్కుకుపోయిన గింజలు ఒక్కొక్కటిగా ఉబ్బి, కళ్ల ముందే అంచు మళ్లీ గుండ్రంగా వచ్చింది.

ఆ రాత్రి ఎక్కువ సమయం గరిమనాభి (విమానం బరువు సమతూగే బిందువు) దగ్గరే గడిచింది. మామూలు రెక్క ఉన్న విమానానికి అది ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో 25 నుంచి 33 శాతం మధ్య ఉండాలి. మా విమానం రెక్క 20 సెంటీమీటర్లు కాబట్టి, 5 నుంచి 6.5 సెంటీమీటర్ల లోపు రావాలన్నమాట. మోటారు వెనక ఉండే విమానం కావడంతో, ఆటోపైలట్ బోర్డు, విమానం సమాచారాన్ని నేలకు పంపే టెలిమెట్రీ రేడియో, జీపీఎస్ చేరాక బరువంతా వెనక్కి లాగింది. జీపీఎస్, దిక్సూచి ఒకే డబ్బాలో ఉంటాయి. మోటారుకు వెళ్లే కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రం దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుంది కనుక దాన్ని తీగలకు దూరంగా తోక వైపే పెట్టాలి, ఆ బరువు తప్పదు. రెక్కల కింద రెండు వేళ్లు ఆన్చి విమానాన్ని ఎత్తిపట్టిన మిత్రుడు, "తోక ఇంకా దిగుతోంది, బ్యాటరీని ముందుకు జరుపు" అన్నాడు. ముక్కు లోపలి ఫోమ్‌ను బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కుతూ, బ్యాటరీని జరుపుతూ పోగా చివరికి విమానం వేళ్ల మీద నిలకడగా ఆగింది. తోక బరువైన విమానాన్ని ఆటోపైలట్ కాస్సేపు గాలిలో నిలపగలదేమో గాని, దాని అస్థిరతను మాన్పలేదు.

తెల్లవారక ముందే చెరువులోకి దిగాము. కొత్త చోటికి వెళ్లినవారు మొదట చూసుకోవలసింది బోర్డులో మిగిలిన పాత మిషన్‌నే, అంటే విమానం వెళ్లవలసిన బిందువుల జాబితానే. అందులోని ప్రతి బిందువూ అక్షాంశ రేఖాంశాలే కనుక, ఇంటి దగ్గర రాసిన మిషన్‌ను ఇక్కడ నడిపిస్తే విమానం ఇంటి దారి పడుతుంది. దాన్ని చెరిపేసి, కొత్త హద్దులు పెట్టి, విమానం గాలిలో వెళ్లే వేగాన్ని కొలిచే పిటాట్ గొట్టానికి గాలి తగలకుండా తొడుగు వేసి కరెంటు ఇచ్చాము. ఎత్తును కొలిచే బారోమీటర్ మీద ఎండ, గాలి పడకుండా చిన్న స్పాంజి ముక్క ముందే అంటించి ఉంది. తర్వాత కుడి రెక్కను చేత్తో కిందికి వంచి చూస్తే కుడి ఏలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి దిగింది, అంటే ఆటోపైలట్ ఆ రెక్కను తిరిగి పైకి లేపడానికే చూస్తోంది. ఈ పరీక్ష చేయకుండా ఎవరూ విమానాన్ని చేతి నుంచి వదలకూడదు.

మొదట ఆటోపైలట్ సాయం లేకుండా మాన్యువల్‌లోనే ఎగరేశాను. థ్రాటిల్ పెంచిన ప్రతిసారీ ముక్కు కిందికి వంగుతోంది. ఇటువంటి విమానంలో మోటారు గరిమనాభికి పైన ఉంటుంది కాబట్టి తోపుడు ముక్కును అణచివేస్తుంది. అదే ఎఫ్‌బీడబ్ల్యూఏలో (ఆటోపైలట్ విమానాన్ని సమంగా ఉంచే మోడ్‌లో) ఎగరేసి ఉంటే, ఆటోపైలట్ ఎలివేటర్‌ను (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకను) నిరంతరం పైకి పట్టి ఉంచి ఈ లోపాన్ని మా కంట పడనిచ్చేది కాదు. దింపి, మోటారు మౌంటు కింది స్క్రూల దగ్గర సన్నని వాషర్లు వేసి, ప్రొపెల్లర్ కొస కాస్త పైకి లేచేలా సరిచేశాము. మళ్లీ ఎగరేసినప్పుడు థ్రాటిల్ పెంచినా ముక్కు కదలలేదు. నిజం చెప్పాలంటే, ఆ రోజు తర్వాత చూసిన స్వయంచాలక విన్యాసాలన్నిటికన్నా నాకు ఎక్కువ సంతోషమిచ్చింది ఇదే.

ఆటోట్యూన్ మోడ్‌లో రిమోట్ స్టిక్‌ను అటూ ఇటూ చివరంటా తిప్పుతూ విమానానికి దాని స్పందనలు నేర్పాక, ఇంటికి తిరిగి వచ్చే ఆర్‌టీఎల్ మీట నొక్కాను. విమానం 100 మీటర్ల ఎత్తుకు చేరి, మేము ఆర్మ్ చేసిన (మోటారు తిరిగేలా సిద్ధం చేసిన) చోటికి వచ్చి, మా నడినెత్తిన చక్కర్లు మొదలుపెట్టింది. దానంతట అది దిగదు కాబట్టి నేనే అందుకుని దింపాను. గాలి లేచాక నడిపిన మిషన్‌లో పిటాట్ గొట్టం విలువ తెలిసింది. చుట్టూ ఉన్న గాలితో పోల్చిన విమానం వేగం సెకనుకు 13 మీటర్ల దగ్గర నిలిచి ఉండగా, భూమి మీది వేగం గాలితో పోతే 18కి, ఎదురెళ్తే 8కి మారుతోంది. జీపీఎస్ వేగాన్నే నమ్ముకున్న విమానం గాలితో పోయేటప్పుడు అవసరానికి మించి నెమ్మదించి స్టాల్ అయ్యే (రెక్కలు విమానాన్ని మోయలేక పడిపోయే) ప్రమాదం ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో మిత్రుడు కారు నడుపుతుండగా ఆటోపైలట్ నమోదు చేసిన లాగ్ తెరిచి చూశాను. వాషర్లు వేయకముందు థ్రాటిల్ పెరిగిన చోటల్లా నా స్టిక్‌తో పాటు ఎలివేటర్ గీత పైకి లేచి ఉంది, వేశాక అది దాదాపు మధ్యలోనే ఉండిపోయింది. బ్యాటరీ మాత్రం ఇప్పటికే ముక్కు చివర దాకా వెళ్లిపోయింది కనుక, కెమెరా పెట్టే ముందు టెలిమెట్రీ రేడియోను తోక నుంచి రెక్క కిందికి మార్చాలని ఇద్దరం అనుకున్నాము.