జనరేటర్ పొగకు హద్దు ఉంది, నడిచే గంటలకు లేదు

డీజిల్ జనరేటర్ల మీద మన దేశంలో ఉన్న నియమాలు తక్కువేమీ కావు. జనరేటర్ చుట్టూ శబ్దాన్ని అణచే పెట్టె ఉండాలి, దానికి ఒక మీటరు దూరంలో మోత 75 డెసిబెళ్లు మించకూడదు. ఒక్కో ట్యాంకు వెయ్యి లీటర్లు మించకుండా, ఒక చోట మొత్తం నిల్వ 2,500 లీటర్లు దాటకుండా ఉంటే డీజిల్‌ నిల్వకు లైసెన్సు అక్కర్లేదు; జనరేటర్ పక్కన తరచుగా 990 లీటర్ల ట్యాంకే కనిపించడానికి కారణం ఇదే. పొగ సంగతికి వస్తే, 800 కిలోవాట్ల వరకు సామర్థ్యం ఉన్న కొత్త జనరేటర్లకు 2023 జూలై 1 నుంచి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) వారి సీపీసీబీ-4 ప్లస్ ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఇవన్నీ యంత్రం ఎలా ఉండాలో చెబుతాయి. అది రోజుకు ఎన్ని గంటలు నడుస్తోంది, దేనికోసం నడుస్తోంది అన్నవి మాత్రం ఈ నియమాలకు పట్టవు. పైగా కొత్త ప్రమాణాలు ఇప్పటికే సెల్లారులో ఉన్న పాత జనరేటర్‌ను తాకవు.

ఢిల్లీ పరిసరాల్లో మాత్రం పరిస్థితి వేరు. అక్కడి వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ 2023 అక్టోబరు నుంచి పాత జనరేటర్లకు కూడా, సామర్థ్యాన్ని బట్టి, పొగలోని రేణువులను పట్టే పరికరం అమర్చుకోవాలనో, 70 శాతం గ్యాస్, 30 శాతం డీజిల్‌తో నడిచేలా మార్చుకోవాలనో షరతులు పెట్టింది. గాలి అంతగా చెడిపోయాక గానీ పాత యంత్రాల జోలికి వెళ్లలేదన్నమాట.

దేశమంతటికీ వర్తించే అసలు విధానం 2022 ఏప్రిల్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకు కేంద్రం చేసిన సవరణలో ఉంది. జనరేటర్‌ను ఆధారంగా పెట్టుకున్నవారు అయిదేళ్లలో, లేదా ఆ నగరంలో సరఫరా ఎంత నమ్మకంగా ఉందో చూసి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించే గడువులో, బ్యాటరీతో కూడిన పునరుత్పాదక విద్యుత్తు వంటి శుభ్రమైన మార్గాలకు మారేందుకు ప్రయత్నించాలని అది చెబుతుంది. ఆ అయిదేళ్లూ 2027 ఏప్రిల్‌తో పూర్తవుతాయి. విడ్డూరం ఏమిటంటే, సరిగ్గా అదే 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు చాలక పరిశ్రమలకు వారపు సెలవుకు తోడు మరొక రోజు పవర్ హాలిడే ప్రకటించారు. ఆ నెలలో జనరేటర్ వదులుకోమంటే ఏ ఫ్యాక్టరీ యజమాని వింటాడు?

అపార్ట్‌మెంట్ల సంగతి అంత కష్టమైనది కాదు. కరెంటు పోయినప్పుడు తప్పనిసరిగా నడవాల్సినవి లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దగ్గర దీపాలు. ఇళ్లలోని ఏసీలకు కూడా సరిపోవాలని కొన్న పెద్ద జనరేటర్ చాలాసార్లు ఈ కొద్దిపాటి లోడు కోసమే తిరుగుతుంది. లీటరు డీజిల్‌కు మంచి లోడు మీద మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి కాబట్టి, లీటరు 95 రూపాయలనుకున్నా ఇంధనం ఖర్చే యూనిట్‌కు ముప్పై రూపాయలకు అటూ ఇటూగా పడుతుంది. తక్కువ లోడు మీద అది ఇంకా పెరుగుతుంది, ఇంజన్ లోపల మసి కూడా పేరుకుంటుంది. పది, ఇరవై నిమిషాల కోతలకు, ఆ మూడు అవసరాలకు తగిన లిథియం బ్యాటరీ ఉంటే చాలు. దాన్ని పెట్టుకోవడానికి మెయింటెనెన్స్ సమావేశంలో జరిగే వాదన వేరే కథ.

అందువల్ల జనరేటర్ వదులుకునే గడువును తేదీతో కాక సరఫరాతో ముడిపెట్టడమే న్యాయమని నా అభిప్రాయం, 2022 సవరణ కూడా విద్యుత్ నియంత్రణ మండలికి ఆ వెసులుబాటు ఇచ్చింది. ఏ ఫీడర్‌లో, అంటే ఒక ప్రాంతానికి కరెంటు తెచ్చే ఏ లైనులో, ఎన్నిసార్లు, ఎంతసేపు కరెంటు ఆగిందో విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) లెక్క కడతాయి. ఆ లెక్కను ఫీడర్ల వారీగా, వినియోగదారుడు వెతుక్కుంటే దొరికేలా బయటపెట్టి, కోతలు నిజంగా తగ్గిన చోట లిఫ్టుకు, మోటారుకు జనరేటర్ వాడకాన్ని ముందుగా ఆపాలి. ఆసుపత్రులకు, కోతలు తగ్గని పారిశ్రామిక వాడలకు తరువాతి గడువు ఇవ్వాలి.