హంపి చుట్టు: బయల్దేరిన బండ మీదే 16 మీటర్లు కిందికి

ఈసారి కూడా చుట్టు మూసుకోలేదు, అంటే బయల్దేరిన చోటికే తిరిగొచ్చినా వాచీలో ఎత్తు మొదటి అంకెకు రాలేదు. విరూపాక్షుడి గోపురం కింద ఏ బండ మీద నిలబడి బయల్దేరానో, పూట గడిచాక అదే బండ మీదికొచ్చి నిలబడ్డాను. ఎత్తు కొలిచే నా వాచీ మాత్రం నేను 16 మీటర్లు కిందికి దిగిపోయానంటోంది. పోయినసారీ కిందికే, అంతకు ముందూ కిందికే. ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూపిస్తే సెన్సర్ ఖర్మ అని వదిలేసేవాణ్ణి. ప్రతిసారీ ఒకే వైపు తేడా వస్తోందంటే దాని వెనక ఏదో లెక్క ఉండాలి. ఆ లెక్క ఈ ట్రిప్పులో ముప్పావు వంతు దొరికింది. మిగతా పావు దొరక్క ఒళ్లు మండుతోంది.

ముందు దారి. గోపురం దగ్గర మొదలుపెట్టి హేమకూటం ఎక్కాం. అటువైపు దిగి, శశివెకాళు గణపతి, కృష్ణ దేవాలయం మీదుగా మాతంగ పర్వతం దక్షిణం వైపుకు. (ఆ గణపతిని 1506లో చెక్కించింది చంద్రగిరి వర్తకుడని శాసనం చెబుతోంది. 1513 నాటి కృష్ణ దేవాలయమేమో ఉదయగిరి గెలిచిన గుర్తు. హంపిలో ఎటు తిరిగినా మన ఊళ్లు తగులుతూనే ఉంటాయి.) కొండ మీద వీరభద్రుడి గుడి. దిగాక అచ్యుతరాయల దేవాలయం, దాని ముందున్న పాత బజారు వీధి, ఏటి ఒడ్డు, తులాభారం రాతి కమాను, విఠ్ఠలాలయం. తిరుగు ప్రయాణం తుంగభద్ర పక్కనే, కోదండరామాలయం మీదుగా. మొత్తం దాదాపు 8 కిలోమీటర్లు, ఉదయం 6:15 నుంచి 11:10 వరకు. డ్యామ్ నీళ్లు వదిలిన రోజుల్లో పురందరదాసు మంటపం దగ్గర మునుగుతుంది కాబట్టి వానాకాలంలో ఈ దారి నమ్ముకోవద్దు.

మాతంగ నుంచి అచ్యుతరాయల గుడికి దిగే మెట్లు ఈసారి తడుముకోకుండా దొరికాయి. నీళ్లు రెండు లీటర్లు సరిపోయాయి. ఇక అసలు సంగతి.

హంపి ఎత్తు 467 మీటర్లని మామూలుగా రాస్తుంటారు. గోపురం దగ్గర వాచీలో అదే అంకె పెట్టుకుని బయల్దేరతాను. అసలు ఎత్తు ఎంతైనా నాకు పనిలేదు, తిరిగొచ్చాక మళ్లీ 467 చూపిస్తే చాలు. వచ్చాక 451 చూపించింది. జీపీఎస్‌తో తనంతట తాను సరిచేసుకునే సెట్టింగ్ ఉంటుంది కదా, దాన్ని ఆపేసే ఉంచాను. ఎందుకంటే జీపీఎస్ ఎత్తు ఇంకా అన్యాయం. బండల మధ్య సందుల్లో సిగ్నల్ రాళ్లకు తగిలి వస్తుంది కాబట్టి, నిలబడ్డ చోటే పది పదిహేను మీటర్లు ఎగిరి పడుతుంది. పైగా కొన్ని ఫోన్ యాప్‌లు ఉపగ్రహం ఇచ్చిన ఎత్తును సముద్ర మట్టానికి మార్చకుండా అలాగే చూపిస్తాయి. దక్షిణ భారతంలో ఆ రెండింటికీ తేడా 80 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మా బావమరిది ఫోన్ గోపురం కింద 385 చూపించింది అందుకే. వాడేమో ఫోన్ పాడైందని టెన్షన్ పడ్డాడు.

వాచీ ఎత్తును గాలి పీడనం నుంచి లెక్కగడుతుంది. హంపి ఎత్తులో పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) పెరిగితే వాచీ తొమ్మిది మీటర్లు దిగినట్టు చూపిస్తుంది. అంటే 16 మీటర్లకు రెండు హెక్టోపాస్కల్ కూడా అక్కర్లేదు. అంత చిన్న తేడా ఎక్కణ్ణుంచైనా రావచ్చు కాబట్టి అనుమానితుల్ని ఒక్కొక్కర్నీ పట్టుకున్నాను.

మొదట చెమట. సెన్సర్ చిల్లులో చెమట దిగితే అంకె కొట్టుకుంటుంది. ఈసారి వాచీని చేతికి కాకుండా బ్యాగ్ పట్టీకి కట్టాను, తేడా తగ్గలేదు. రెండోది గాలి. మాతంగ పైన గుడి మంటపంలో గాలికి ఎదురుగా ఉన్న స్తంభం దగ్గర ఒకసారి, గోడ చాటున ఒకసారి చూశాను. ఎదురుగా ఉన్నప్పుడు రెండు మూడు మీటర్లు తక్కువ. సెకనుకు ఎనిమిది మీటర్ల గాలి ముఖాన కొడితే వచ్చే పీడనానికి ఆ తేడా సరిపోతుంది. కానీ గోపురం దగ్గర అంత గాలే లేదు. మూడోది ఎండ. వేడి గాలి పలచన కాబట్టి ఎక్కిన ఎత్తును వాచీ కొంచెం తక్కువ చేసి చెబుతుంది, నిజమే. అయితే దిగేటప్పుడూ అంతే తక్కువ చెబుతుంది, కాబట్టి చుట్టు చివరికొచ్చేసరికి చెల్లుకు చెల్లు. అదీ కాదు.

విసుగొచ్చి లాడ్జికొచ్చి, 11:30కి వాచీలో మళ్లీ 467 పెట్టి కిటికీ గట్టు మీద పడేసి భోజనానికి పోయాం. వచ్చి చూస్తే 12:30కి 472. రెండింటికి 482. వాచీ కదల్లేదు, కిటికీ కదల్లేదు. బావమరిది మంచం మీద పడుకుని అరగంటకోసారి అంకె చదువుతూ, “బావా, మన లాడ్జి కూడా మాతంగ పర్వతం ఎక్కుతోంది, దిగేటప్పుడు చెప్పు, టార్చి తెస్తా” అన్నాడు. నాలుగింటికి 491. అక్కణ్ణుంచి దిగడం మొదలుపెట్టింది. రాత్రి పదింటికి 474. తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుని లేచి చూస్తే మళ్లీ 480.

అప్పుడు వెలిగింది. సముద్రానికి ఉన్నట్టే గాలికీ ఆటుపోట్లు ఉన్నాయి. కాకపోతే వీటికి కారణం చంద్రుడు కాదు, ఎండ. పై వాతావరణంలో ఓజోను, దాని కింద నీటి ఆవిరి ఎండను పీల్చుకుని వేడెక్కడం వల్ల పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. పొద్దున పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. భూమధ్యరేఖ దగ్గర ఇది బలంగా ఉంటుంది, ఉత్తరానికి పోయే కొద్దీ చిక్కిపోతుంది. ఆల్ప్స్‌లో నడిచేవాళ్లు రాసిన సలహాల్లో దీని ఊసే ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. వాళ్లకు అల్పపీడనం ఒకటి వస్తేనే పీడనం ఇంతకు ఎన్నో రెట్లు మారుతుంది, ఈ చిన్న అల వాళ్ల కంటికి ఆనదు. మనకు దక్కన్‌లో, మబ్బులేని చలికాలంలో, గడియారం చూసి చెప్పొచ్చు. ఆరింటికి బయల్దేరి పదకొండుకు తిరిగొచ్చేవాడు ఎవడైనా పెరిగే పీడనంలోనే నడుస్తాడు. ఎప్పుడూ కిందికే తేలుతాడు.

వాచీల్లో గార్మిన్ గొప్పా సూంటో గొప్పా అని కొట్టుకునేవాళ్లు ఇది గమనించాలి. పదివేలు ఎక్కువ పెట్టినా పొద్దున పదింటి గాలి అదే గాలి. మ్యాప్‌కు మాత్రం ఓఎస్ఎమ్ఆండ్ యాప్ ఉండగా ఇంకోటి ఎందుకో నాకర్థం కాదు, హంపి కాలిబాటలన్నీ నెట్ లేకుండానే అందులో ఉన్నాయి. ఇక్కడి బండల మీద ట్రెక్కింగ్ పోల్స్ దండగ, రెండు చేతులూ ఖాళీగా ఉండటమే మేలు. ఎలక్ట్రాల్ కంటే విఠ్ఠలాలయం బయట అమ్మే ఉప్పేసిన మజ్జిగకే నా ఓటు.

మర్నాడు పొద్దున కూడా వాచీని అదే కిటికీలో ఉంచాను. 6:15కి 478, 8కి 469, 10కి 465, 11:10కి 466, పన్నెండుకు 471. అంటే నడిచిన సమయానికి గాలి వాటా 12 మీటర్లు. నేను చూసింది 16. నాలుగు మీటర్లు ఎటుపోయాయి? ఒక రోజు గాలి ఇంకో రోజుకు అచ్చు గుద్దినట్టు ఉండదు, అది ఒక ఊహ. వాచీ బ్యాగ్ పట్టీ మీద మూడు గంటలు ఎండలో వేలాడింది, సెన్సర్ వేడెక్కి ఒకటి రెండు మీటర్లు తిని ఉండొచ్చు, అది ఇంకో ఊహ. నాకు రెండోదాని మీదే అనుమానం ఎక్కువ. విఠ్ఠలాలయం నుంచి వెనక్కొచ్చే దారిలో నీడ తక్కువ, పట్టుకుంటే వాచీ చెయ్యి కాలేంత వేడిగా ఉంది.

మొత్తం ఎక్కుడు సంగతి ఒక్క ముక్కలో: వాచీ 214 మీటర్లంది, ఫోన్ 418 అంది. ఫోన్ గీసిన గీత రెండు చోట్ల తుంగభద్ర మధ్యలో నడిచింది కాబట్టి ఎవర్ని నమ్మాలో వేరే చెప్పక్కర్లేదు.

పై అంకెలు చూసి బావమరిది ఒక చిట్కా చెప్పాడు. ఎనిమిదింటికి బయల్దేరి పన్నెండుకు తిరిగొస్తే పీడనం రెండు కొసల్లో దాదాపు సమానం, 469, 471. చుట్టు దానంతటదే మూసుకుంటుంది. “అది మోసంరా, మధ్యలో కొండ ఎత్తు తప్పుగానే వస్తుందిగా” అన్నాను. “నీ గోల చుట్టు మూసుకోవడమేగా బావా” అన్నాడు. వాడన్నదీ నిజమే, కానీ నాకిప్పుడు మాతంగ ఎత్తు కూడా కావాలి.

కాబట్టి వచ్చేసారి ఇద్దరు మనుషుల పని. బారోమీటర్ (గాలి పీడనం కొలిచే సెన్సర్) ఉన్న ఫోన్ ఒకటి లాడ్జి గదిలో, నీడలో పెట్టి ఐదు నిమిషాలకోసారి పీడనం రాసుకునేలా వదిలేస్తాను. వాచీకి తెల్లగుడ్డ చుడతాను. తర్వాత గది అంకెను దారి అంకెలోంచి తీసేస్తే గాలి వాటా పోతుంది, మిగిలింది ఎండదా కాదా తేలుతుంది. దారి కూడా మారుస్తా, ఏటికి అవతల ఆనెగుంది నుంచి అంజనాద్రి కొండకు. అక్కడ 570 పైచిలుకు మెట్లున్నాయి, ఒక్కో మెట్టు ఎత్తు టేపుతో కొలిచి కూడితే వాచీని పరీక్షించడానికి సొంత కొలబద్ద దొరికినట్టే. మెట్లన్నీ కొలవడం వీలుకాకపోతే ప్రతి పదో మెట్టు. అది కుదిరితే వేసవి ముదరకముందే పెనుకొండ, రైలు దిగగానే స్టేషన్ బోర్డు మీది సముద్ర మట్టపు ఎత్తు వాచీలో పెట్టుకుని నేరుగా కొండకే. గదిలో వదలాల్సిన ఫోన్ బావమరిదిది, పూటంతా ఫోన్ లేకుండా కొండ మీద ఉండటానికి వాణ్ణి ఇంకా ఒప్పించాలి.