లేడీస్ బండి అంటే తప్పేంటి?

"ఏందన్నా, లేడీస్ బండి కొన్నవ్?" అన్నాడు ఆఫీసులో ఒక తమ్ముడు, నా 110 సీసీ స్కూటర్ చూసి. కోపమొచ్చింది. బండిని అన్నందుకు కాదు, 'లేడీస్' అన్న మాటని తిట్టులా వాడినందుకు. మా అక్క ఏళ్ల తరబడి ఇలాంటి బండి మీదే మెహదీపట్నం నుంచి హైటెక్ సిటీకి వెళ్తోంది, వానలో కూడా. అంత నిదానంగా, అంత బాగా నడిపేవాళ్లని నేను చూడలేదు.

స్ప్లెండర్‌ది 97 సీసీ ఇంజినే, నా బండికన్నా చిన్నది. దాన్ని ఎవరూ ఆడవాళ్ల బండి అనరే! 50 సీసీతో మొదలైన హోండా సూపర్ కబ్ అనే చిన్న బైక్ సిరీస్‌లో 2017 నాటికి తయారైన బండ్లు 10 కోట్లు దాటాయి. బుల్లెట్ 350 బరువు 190 కిలోల పైమాటే. పంజాగుట్ట ట్రాఫిక్‌లో నాకు అంత బరువు అక్కర్లేదు.

మా చెల్లికి మాత్రం బుల్లెటే కావాలట. కొనుక్కోనీ, షోరూమ్‌కి నేనే తీసుకెళ్తా.