చిగుళ్ల కొలతలు: ప్రోబ్ దగ్గర కాదు, గడి దగ్గర వచ్చే తప్పులు

కడప, కర్నూలు డెంటల్ కాలేజీల్లో చదివి గుత్తి, ఆదోని, ప్రొద్దుటూరు వైపు సొంత క్లినిక్ పెట్టుకున్నవాళ్లకు ప్రోబ్ (చిగురు లోతు కొలిచే, మిల్లీమీటరు గీతలున్న సన్నని పరికరం) పట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ కొలతలు రాసే కాగితం చార్టు వదిలి సాఫ్ట్‌వేర్‌కి మారినప్పుడు మొదలయ్యే తప్పులు వేరే. కొలత సరిగ్గానే ఉంటుంది, పడే గడి తప్పు. లేదా గడి సరిగ్గానే ఉంటుంది, ప్లస్సు మైనస్సు తప్పు. ఆర్నెల్ల తర్వాత చూసినప్పుడు ఆ చార్టు అబద్ధం చెబుతోందని కనిపెట్టడం చాలా కష్టం, ఎందుకంటే చూడ్డానికి చక్కగా రంగురంగుల్లో ఉంటుంది.

పేషెంటు కుర్చీలో కూర్చోకముందే చూడాల్సింది పళ్ల నంబర్ల పద్ధతి. మనమంతా చదివింది ఎఫ్‌డీఐ, అంటే 11 నుంచి 48 దాకా; మొదటి అంకె నోట్లో ఏ పావు భాగమో, రెండోది మధ్యగీత నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. అమెరికాలో తయారైన సాఫ్ట్‌వేర్లు చాలావరకు 1 నుంచి 32 దాకా ఉండే యూనివర్సల్ పద్ధతిలో తెరుచుకుంటాయి. 36 అని కొడితే అలాంటి పన్ను లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, మనకూ తెలిసిపోతుంది. ప్రమాదం రెండు పద్ధతుల్లోనూ చెల్లే నంబర్లతోనే. మనకు 11 అంటే పై కుడి ముందు పన్ను. యూనివర్సల్‌లో 11 అంటే పై ఎడమ కోరపన్ను. 21 అయితే ఏకంగా కింది దవడకు, ఎడమవైపు మొదటి ప్రీమోలార్‌కు (కోరపన్ను పక్కనుండే చిన్న దవడపన్నుకు) పోతుంది. సెట్టింగ్స్‌లో ఒక్కసారి మార్చేస్తే సరిపోతుంది. కానీ సాఫ్ట్‌వేర్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా, కొత్త కంప్యూటర్‌లో పెట్టినా ఇంకోసారి చూడాలి.

ఆ తర్వాత లేని పళ్లు. ఇది ముందే గుర్తు పెట్టాలి, మధ్యలో కాదు. అంకె కొట్టగానే కర్సర్ తనంతట తానే పక్క గడికి పోతుంది. లేదని గుర్తు పెట్టిన పన్నును మాత్రమే అది దాటుకుంటుంది. 36 పీకేసి ఉంది, మనం గుర్తు పెట్టలేదు అనుకోండి. 35 తర్వాత 37 కొలతలు చెప్పుకుంటూ పోతాం, అవి 36 గడుల్లో కూర్చుంటాయి. 38 కొలతలు 37లో పడతాయి. వరస చివర మూడు గడులు ఖాళీగా మిగిలినప్పుడు గానీ తేడా తెలియదు. ఆ ఖాళీ చూసి 'ఏదో మర్చిపోయాం' అని జ్ఞానదంతాన్ని మళ్లీ కొలిచి అక్కడ కొట్టేస్తే ఇక తప్పుకు ముద్ర పడినట్టే.

అందుకే కొలిచి అంకెలు చెప్పేవాళ్లు, వాటిని కంప్యూటర్‌లో కొట్టేవాళ్లు ఇద్దరూ మధ్యమధ్యలో మైలురాళ్లు పెట్టుకోవాలి. ప్రతి పన్నుకూ నంబరు చెప్పక్కర్లేదు. మధ్యగీత దాటేటప్పుడు ఒకసారి, మొదటి మోలార్ (పెద్ద దవడపన్ను) దగ్గర ఒకసారి 'ఇప్పుడు టూ వన్', 'ఇప్పుడు టూ సిక్స్' అంటే చాలు. స్క్రీన్ ముందు ఉన్నవాళ్లు 'అవును మేడమ్' అనాలి. మౌనంగా ఉంటే అంగీకారం కింద లెక్క వేసుకోకండి.

దిశ సంగతి కూడా ఇక్కడే. ఒక్కో పన్నుకు ఆరు చోట్ల కొలుస్తాం, చెంప వైపు మూడు, నాలుక లేదా అంగిలి వైపు మూడు. 18 నుంచి మొదలుపెడితే 11 దాకా డిస్టల్ (పంటి వెనక వైపు), మధ్య, మీసియల్ (మధ్యగీత వైపు). 21 నుంచి అది తిరగబడి మీసియల్, మధ్య, డిస్టల్ అవుతుంది. ప్రతి పన్నుకూ మీసియల్‌తోనే మొదలుపెట్టే చెయ్యి అలవాటు కొందరికి ఉంటుంది. కాగితం మీద ఎలాగో సర్దుకునేది, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం నోట్లో సగం అద్దంలో చూసినట్టు తారుమారవుతుంది. అంగిలి వైపు వరస 28 నుంచి వెనక్కి వస్తుందా, మళ్లీ 18 నుంచి మొదలవుతుందా అనేది సెట్టింగ్‌లో ఉంటుంది. మీ చెయ్యి ఎటు తిరిగితే కర్సర్‌నీ అటే తిప్పుకోండి. కర్సర్ కోసం మెడ వంచుకోవడం వద్దు.

మాస్కు వెనకనుంచి, సక్షన్ మోతలో మన తెలుగు అంకెలు పనికిరావు. 'మూడు', 'ఏడు' ఒకేలా వినిపిస్తాయి. 'ఎనిమిది', 'తొమ్మిది' కూడా అంతే. మూడు మిల్లీమీటర్లు ఆరోగ్యం, ఏడు మిల్లీమీటర్లు పెద్ద జబ్బు. కాబట్టి అంకెలు ఇంగ్లీషులోనే, 'త్రీ టూ త్రీ' అని మూడేసి కలిపి, మధ్యలో ఊపిరి తీసుకునేంత ఆగి చెప్పండి. అందులోనూ ఫైవ్, నైన్ కాస్త కలిసిపోతాయి. ఐదు దాటిన ప్రతి అంకెనూ కొట్టేవాళ్లు తిరిగి చదవాలి.

ప్రోబ్ గురించి రెండు మాటలే. విలియమ్స్ ప్రోబ్ మీద 4, 6 గీతలు ఉండవు. దానితో కొలిచిన చార్టులో కనిపించే ప్రతి 4, ప్రతి 6 కంటితో వేసిన అంచనాయే. చార్టు కోసం యూఎన్‌సీ-15 వాడితే ప్రతి మిల్లీమీటరుకూ గీత ఉంటుంది, 5, 10, 15 దగ్గర నల్లపట్టీ ఉంటుంది. ఒత్తిడి 25 గ్రాములకు మించకూడదు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో కనిపించే లాంటి చిన్న డిజిటల్ కాటా మీద ప్రోబ్ మొన పెట్టి పదిసార్లు నొక్కి చూడండి, మనం అనుకున్నదానికి రెండింతలు నొక్కుతున్నామని చాలామందికి అప్పుడు తెలుస్తుంది. గార అడ్డుపడితే ప్రోబ్ దాని మీదే ఆగిపోయి పాకెట్ (చిగురుకూ పంటికీ మధ్య సందు) లోతు తక్కువ చూపిస్తుంది. అలాంటి చోట పైపైన గార తీసి కొలవాలి, లేదా నోట్‌లో 'గార అడ్డు' అని రాసి మళ్లీ కొలవాలి.

ఇక అసలు గొడవ చిగురు అంచు గుర్తు. పాకెట్ లోతును చిగురు అంచు నుంచి కొలుస్తాం. అటాచ్‌మెంట్ లాస్‌ను (పంటిని పట్టి ఉంచే అతుకు ఎంత పోయిందో) సీఈజే నుంచి, అంటే పంటి కిరీటమూ వేరూ కలిసే గీత నుంచి లెక్కిస్తాం. చిగురు కిందికి జారి వేరు బయటపడితే ఆ జారినంత కలపాలి. వాచి గీత పైకి ఎక్కి ఉంటే ఎక్కినంత తీసెయ్యాలి. సాఫ్ట్‌వేర్ ఈ పని తనే చేస్తుంది, కాకపోతే కొన్ని జారుడును ప్లస్సుగా తీసుకుంటాయి, కొన్ని మైనస్సుగా. తెలుసుకోవడానికి అర నిమిషం చాలు. ఉత్తుత్తి పేషెంటును ఒకరిని తెరిచి పాకెట్ 4, అంచు 2 కొట్టండి. అటాచ్‌మెంట్ లాస్ 6 వస్తే జారుడు ప్లస్సు. 2 వస్తే జారుడు మైనస్సు. ఆ జవాబును మానిటర్ అంచున కాగితం ముక్క మీద రాసి అంటించండి.

ఇది తప్పితే ఏమవుతుందో ఒక్క చోటు తీసుకుని చూద్దాం. 46 మీసియల్‌లో పాకెట్ 6, చిగురు వాచి గీతకు 2 పైన ఉంది. అటాచ్‌మెంట్ లాస్ 4. స్కేలింగ్, రూట్ ప్లానింగ్ (గార తీసి వేళ్లను నునుపు చేయడం) అయ్యాక వాపు తగ్గింది. పాకెట్ 3, చిగురు గీతకు 1 కింద. అటాచ్‌మెంట్ లాస్ మళ్లీ 4. అంటే పాకెట్ సగమైంది, పోయిన అతుకు పోయినట్టే ఉంది. ఇదీ నిజం. గుర్తు తిరగబడితే అదే సాఫ్ట్‌వేర్ మొదటిసారి 8, రెండోసారి 2 చూపిస్తుంది. ఆరు మిల్లీమీటర్ల అద్భుతం! పైగా 2018లో వెలువడిన చిగుళ్ల జబ్బు (పీరియోడాంటైటిస్) వర్గీకరణలో పళ్ల మధ్య అటాచ్‌మెంట్ లాస్ 3-4 అయితే రెండో దశ, 5 గానీ అంతకు మించి గానీ ఉంటే మూడో దశ లేదా ఆపైది. అంటే మైనస్సు గీత ఒక్కటి పేషెంటు దశనే మార్చేస్తుంది.

గీత దొరకని పళ్లు మన వైపు తక్కువేం కాదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, గట్టి బ్రష్షుతో అడ్డంగా రుద్ది రుద్ది మెడ దగ్గర పన్ను గాడి పడి సీఈజే అరిగిపోయి ఉంటుంది. అప్పుడు పక్క పన్ను గీత చూసి అంచనా కట్టాలి. క్యాప్ ఉంటే క్యాప్ అంచును ఆధారంగా తీసుకోండి. ఏది ఆధారమో ఆ పన్ను నోట్‌లో రాయకపోతే తర్వాత కొలిచేవాళ్లు ఇంకోచోటి నుంచి కొలుస్తారు.

ప్రోబ్ పెట్టాక రక్తం కారడం వెంటనే కనిపించదు. ఒక వరస మూడు నాలుగు పళ్లు కొలిచి వెనక్కి చూసి గుర్తు పెట్టాలి, ముప్పై సెకన్ల లోపు. శాతం లెక్కలో కిటుకు హారంలో ఉంది. ఇరవై పళ్లుంటే 120 చోట్లు. పదిహేను చోట్ల రక్తం వస్తే 12.5 శాతం. లేని పళ్లు గుర్తు పెట్టకపోతే సాఫ్ట్‌వేర్ 192తో భాగించి 7.8 చూపించవచ్చు. పది శాతానికి తక్కువంటే ఆరోగ్యం కింద లెక్క కాబట్టి వాచిన చిగుళ్లకు మంచి సర్టిఫికెట్ ఇచ్చినట్టవుతుంది. ఇంకో సంగతి, బీడీ, చుట్ట తాగేవాళ్లలో పాకెట్లు లోతుగా ఉన్నా రక్తం తక్కువగా కనిపిస్తుంది. వాళ్ల చార్టులో రక్తం చుక్కలు తక్కువ ఉన్నాయని సంబరపడకూడదు. ఖైనీ పెట్టుకునేవాళ్లకు అది పెట్టే చోటే చిగురు జారుతుంది, కింది పెదవి వెనక ప్రత్యేకంగా చూడాలి.

ఫర్కేషన్‌కు, అంటే పంటి వేళ్లు చీలే చోటికి, నేబర్స్ ప్రోబ్. కింది మోలార్‌కు రెండు ద్వారాలు, పై మోలార్‌కు మూడు, పై మొదటి ప్రీమోలార్‌కు రెండు. పై మోలార్ మీసియల్ ద్వారాన్ని అంగిలి వైపు నుంచి వెతకాలి. కదలిక చూసేది వేలితో కాదు, రెండు పరికరాల పిడులతో. మిల్లర్ పద్ధతిలో ఒక మిల్లీమీటరు దాకా కదిలితే 2, లిండే పద్ధతిలో అదే పన్నుకు 1 వస్తుంది, కాబట్టి ఏ పద్ధతో నోట్‌లో ఉండాలి. ఈ గడిని స్కేలింగ్‌కు ముందే నింపడం వల్ల ఒక లాభం ఉంది. 'గార తీయిస్తే పళ్లు కదులుతాయంట కదా సార్' అని అడిగేవాళ్లకు గార తీయకముందే రాసిన 2ను తేదీతో సహా చూపించవచ్చు.

కీబోర్డు దగ్గర రెండు జాగ్రత్తలు. పది మిల్లీమీటర్లు వస్తే 1, 0 కొట్టకండి, అవి రెండు గడుల్లో పడి ఆ పక్కవన్నీ జరుగుతాయి. పదికి పైన అంకెలకు వేరే బటనో, కలిపి నొక్కే కీయో ఉంటుంది, ముందే కనుక్కోండి. కొలవని చోట సున్నా పెట్టకండి, ఖాళీగా వదలండి. అంచు వరసలో సున్నా అంటే చిగురు సరిగ్గా గీత దగ్గరే ఉందని అర్థం. ఇక కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. దవడ అయిన ప్రతిసారీ సేవ్ నొక్కండి.

మళ్లీ కొలిచేది చికిత్స అయ్యాక కనీసం నాలుగు నుంచి ఆరు వారాలకు. పాత పరీక్షను తెరిచి అంకెలు దిద్దితే పాత కొలతలు పోతాయి, కొత్త తేదీతో కొత్త పరీక్ష తెరవాలి. పాత అంకెలను కొత్తదాంట్లోకి కాపీ చేసే సౌకర్యం ఉంటే అంచు వరసకు కూడా వాడకండి. మార్చడం మరిచిన గడి కొలిచిన గడిలాగే కనిపిస్తుంది. పోల్చేటప్పుడు ఒక మిల్లీమీటరు తేడా చెయ్యి తేడాలో కలిసిపోతుంది, రెండు మారితే నమ్మవచ్చు. అదీ అదే ప్రోబ్‌తో, వీలైతే అదే చెయ్యితో కొలిచినప్పుడు. అందుకని ప్రతి పరీక్ష నోట్‌లో ప్రోబ్ పేరు, కొలిచినవాళ్ల పొడి అక్షరాలు, అంచు గుర్తు ఎటో, ఈ మూడూ రాసి మూసేయండి.